మూటలోని ముక్కలు బొంత పైకి వచ్చిన వైనం

రవికెలు కుట్టే ప్రతి ఇంట్లోనూ ఒక మూట ఉంటుంది. మా ఇంట్లో అది ఒక పాత దిండు గలీబు. అందులో పదిహేనేళ్లుగా నేను కుట్టిన రవికెల తాలూకు మిగులు ముక్కలు పేరుకుపోయాయి. మీటరు గుడ్డలో రవికె కత్తిరించాక చంక దగ్గర నెలవంకల వంటి ముక్కలు, చేతుల పక్కన సన్నని పట్టీలు, మెడ దగ్గర అరచేతి పాటి ముక్క మిగులుతాయి. దేనికీ చాలవు, పారవేయడానికి మనసు రాదు. మంగళగిరి నూలు, నారాయణపేట గళ్లు, పెడన కలంకారీ, పోచంపల్లి ఇక్కత్ ముక్కలన్నీ ఆ గలీబులో ఒకదానికొకటి చుట్టుకుని ఉండేవి.

మా అమ్మమ్మ ఇటువంటి ముక్కలను బొంతలో వేసేది, కానీ అవి ఎవరికీ కనిపించేవి కావు. అయిదున్నర మీటర్ల నూలు చీరను మూడు మడతలు వేస్తే దాదాపు ఆరడుగుల పొడవు, చీర పన్నా అంత వెడల్పు వస్తుంది. ఆ మడతల మధ్య చిరిగిన పంచెలు, లంగాలు, చొక్కాల ముక్కలను గుట్టలు కట్టకుండా చదునుగా పరచి, పెద్ద సూదితో అంచుల నుంచి నడుమకు కుట్టుకుంటూ వచ్చేది. ఉతికి ఉతికి మెత్తబడిన చీర ఒంటికి తగలాలి, ముక్కలు లోపల ఉండి బరువివ్వాలి అన్నది ఆమె లెక్క. ముక్కలు పైకి కనిపించే బొంతను నేను చిన్నప్పుడు చూసింది సంక్రాంతికి వచ్చే గంగిరెద్దు వీపు మీదనే. గంతకు తగ్గ బొంత అని జంటలను వెక్కిరించే మన భాషలో అతుకుల గుడ్డకు అంతకంటే గౌరవం దొరకకపోవడంలో వింతేమీ లేదు.

నేను ఈ వరుసను తిరగవేశాను: ముక్కలు పైకి, చీర అడుగుకు. దానికి ఎంచుకున్నది అమెరికాలో 1860ల నుంచి బాగా వ్యాప్తిలోకి వచ్చిన లాగ్ క్యాబిన్ పద్ధతి. నడుమ ఒక చిన్న చదరం, దాని చుట్టూ దుంగలు పేర్చినట్టు ఒక్కొక్క పట్టీ. రవికె ముక్కలకు ఇంతకంటే అనువైన పద్ధతి నాకు తెలిసినంతలో లేదు, ఎందుకంటే ఇందులో పట్టీల వెడల్పు ఒక్కటే స్థిరం. పొడవు రెండున్నర అంగుళాల నుంచి పన్నెండున్నర అంగుళాల దాకా మారుతూ పోతుంది కనుక చిన్న ముక్క లోపలి చుట్టులోనూ పెద్ద ముక్క బయటి చుట్టులోనూ కుదురుకుంటాయి.

నా కొలతలు ఇవి. నడుమ చదరం రెండున్నర అంగుళాలు, పట్టీ వెడల్పు ఒకటిన్నర అంగుళం, కుట్టుకు అన్ని వైపులా పావు అంగుళం. అయిదు చుట్లు పూర్తయితే, కుట్లలోకి పోయినది పోగా, పన్నెండు అంగుళాల చదరం వస్తుంది. ఒక్కో చదరానికి ఇరవై పట్టీలు, అన్నీ కలిపితే 150 అంగుళాల పొడవు. అడ్డానికి అయిదు, నిలువుకు ఆరు చొప్పున ముప్ఫై చదరాలు కలిపితే ఒక మనిషికి సరిపోయే బొంత అవుతుంది, అంటే ఆరు వందల పట్టీలు. ఈ సంఖ్య చూసి బెదరనవసరం లేదు. రవికె కత్తిరించిన రోజునే మిగిలిన దాన్ని పట్టీలుగా కోసి పెట్టుకుంటే పది నిమిషాల పని, మూటలో వేసి ఏళ్ల తరువాత విప్పితే ఇస్త్రీకే ఒక పూట పడుతుంది.

అందం రంగుల కంటే లేత, ముదురుల తేడాలో ఉంటుంది. ప్రతి చదరంలోనూ ఒక మూల నుంచి మరో మూలకు గీత గీసినట్టు ఒక సగం లేత పట్టీలు, మరో సగం ముదురు పట్టీలు పడాలి. ఆ ఒక్క నియమం పాటిస్తే పసుపు పక్కన వంగపండు రంగు వచ్చినా కంటికి ఇబ్బంది ఉండదు. మన కళ్లు ఇందులో తరచూ మోసపోతాయి. నేను లేతదనుకున్న నారింజ రంగు, ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూస్తే, ఆకుపచ్చతో సమానంగా ముదురుగా తేలింది. అప్పటి నుంచి అనుమానం వచ్చిన ప్రతి ముక్కకూ ఆ పరీక్ష చేస్తున్నాను.

మొదటి చదరాలలో రెండు పాడయ్యాయి, రెండూ నా తొందర వల్లనే. ఒకదానిలో ఎర్రటి కలంకారీ ముక్కను ఉతకకుండా వేశాను. తడి తగలగానే పక్కనున్న తెల్ల పట్టీ గులాబీ రంగుకు తిరిగింది. తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది చూస్తే ముందే తెలిసిపోయేది. రెండో దానిలో జార్జెట్ ముక్క నూలు గుడ్డకు పెట్టిన ఇస్త్రీ వేడికి ముడుచుకుపోయింది. ఇప్పుడు నూలును నూలుతోనే కలుపుతున్నాను. పట్టు, జార్జెట్ ముక్కలకు వేరే సంచి ఉంది, వాటి సంగతి వాటిది.

నెలవంక ముక్కలు మాత్రం చాలాకాలం లొంగలేదు. వాటిని పట్టీలుగా కోస్తే గుడ్డ ఏటవాలుగా తెగుతుంది, అంటే పడుగు వెంబడి కాక, పేక వెంబడీ కాక మధ్యకు పోతుంది. అటువంటి పట్టీ చేతిలోనే సాగి, చదరం పతంగిలా వంకర పోతుంది. పాత పల్చని పంచె ముక్కను పదమూడు అంగుళాల చదరంగా కోసి, దాని మీద మూల నుంచి మూలకు రెండు గీతలు గీసి, పట్టీలను ఆ గుడ్డతో సహా కుట్టుకుంటూ పోతే ఈ బాధ తీరింది. పంతొమ్మిదో శతాబ్దపు లాగ్ క్యాబిన్ బొంతలలో చాలా వాటిని ఇలా అడుగు గుడ్డ మీదనే కుట్టారు. దీనివల్ల నాకు మరో లాభం కలిగింది: పంచె ఒక పొరగా లోపల ఉండిపోతుంది కనుక దూది అవసరం లేకుండా పోయింది. మన ఎండలకు దూది బొంత ఏడాదిలో పది నెలలు అటక మీదనే ఉంటుంది. అడుగున రెండు మడతల పాత చీర వేసి, ముందు టాకాలతో బిగించి, అమ్మమ్మ వేసిన సాదా కుట్టునే చదరం చదరానికీ చేత్తో వేస్తున్నాను.

ఇప్పటికి పద్దెనిమిది చదరాలు పూర్తయ్యాయి. ముదురు పట్టీల డబ్బా నిండుగానే ఉంది, లేతవి అడుగంటాయి. రవికెల గుడ్డ అంటే మనం ముదురు రంగులే ఎంచుకుంటామన్న సంగతి నాకు ఈ డబ్బాలు చూశాకనే తెలిసింది. లేత రంగుల కోసం అరిగిన మగవారి చొక్కాలు, పిల్లల బడి చొక్కాలు వెతుకుతున్నాను. చొక్కా వీపు భాగంలో అతుకు లేని గుడ్డ చాలా దొరుకుతుంది. మావారి తెల్ల చొక్కా ఒకదానికి మెడపట్టీ చివికింది, కానీ అది ఇంకో ఏడాది వస్తుందని ఆయన అంటున్నారు.