చేపలకంటే ముందు నీళ్లు: మా ఇంట్లో అక్వేరియం పెట్టుకున్న తీరు

మా ఇంట్లో నీళ్లు మూడు రకాలు. పంచాయతీ కుళాయి నీళ్లు, పెరట్లో బోరు నీళ్లు, వీధి చివర కాలవ నీళ్లు. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్ల పరిస్థితి ఇదే. మా బాబు కోసం అక్వేరియం పెడదామనుకోగానే ముందు తేల్చుకోవాల్సి వచ్చింది కూడా ఇదే: ఏ నీళ్లు పొయ్యాలి?

బోరు నీళ్లు ఉప్పన. కాలవ నీళ్లు చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ, పొలాల్లో కొట్టిన మందులూ చెరువుల్లోంచి తోడేసిన నీళ్లూ అందులోకే వస్తాయి. ఉండి దగ్గర చేపల చెరువులు చేసే మా మావయ్యని అడిగితే, "ఊరికే అనుకోవడం ఎందుకమ్మా, మూడూ సీసాల్లో పట్టి భీమవరంలో ల్యాబుకిచ్చెయ్" అన్నాడు. పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారాల కొలత), ఉప్పుశాతం, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన సున్నంలాంటి లవణాలు), అమ్మోనియా చూసే ల్యాబులు అక్కడ వీధివీధికీ ఉన్నాయి. రొయ్యల రైతుల మధ్య నిలబడి నా సీసాలు కూడా ఇచ్చాను. కుళాయి నీళ్ల పీహెచ్ 7.5 దగ్గర వచ్చింది, బోరుది 8 దాటింది. కుళాయి నీళ్లే ఖాయం చేసుకున్నాను.

కుళాయి నీళ్లకున్న చిక్కల్లా బ్లీచింగే. అందులోని క్లోరిన్ చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. బకెట్లో పట్టి ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఒక రోజు వదిలేస్తే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందరైతే హైపో వాడొచ్చు. అంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు, రొయ్యల హేచరీల్లో వాడేవే. మన దగ్గర ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతాయి.

ట్యాంకు దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. షాపాయన గాజు బౌలూ, అందులో రెండు గోల్డ్ ఫిష్‌లూ చూపించి "పిల్లలకి ఇది చాలండి" అన్నాడు. గోల్డ్ ఫిష్ జానెడు దాకా పెరిగే చేప. మలం ఎక్కువ వేస్తుంది, చల్లటి నీళ్లు కోరుతుంది. మన మే నెల ఎండల్లో ఆ బౌల్లో దాని బతుకేమిటి? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు తీసుకున్నాను. 50 లీటర్ల పైనే పడతాయి. నీళ్లెంత ఎక్కువుంటే తేడాలంత నెమ్మదిగా వస్తాయి, కొత్తవాళ్లకి సర్దుకోవడానికి టైముంటుంది. అయితే నీళ్లూ ఇసకా గాజూ కలిపితే మనిషంత బరువు. గట్టి బల్ల వేసి, మీద థర్మోకోల్ షీటు పరిచి, ఎండ తగలని గోడవారన పెట్టించాను. ఎండ పడితే పాచి ఆగదు.

అడుక్కి గోదావరి ఇసకే. తేటనీళ్లు వచ్చేదాకా కడగాలి, అంతే. పేరుపాలెం బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు వేద్దామని మా బాబు గొడవ చేశాడు గానీ ఒప్పుకోలేదు. వాటిలో సున్నం మెల్లగా కరిగి పీహెచ్‌నీ హార్డ్‌నెస్‌నీ పైకి లాగుతుంది. ఫిల్టరుకి ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ పెట్టాను, చవక. కరెంటు పోయినప్పుడు ట్యాంకులో నీళ్లు ట్యూబులోంచి వెనక్కొచ్చి పంపులోకి దిగకుండా నాన్ రిటర్న్ వాల్వు ఒకటి తగిలించుకోవాలి. పదీ ఇరవై రూపాయల వస్తువు.

నీళ్లు పోశాం, పంపు నడుస్తోంది, చేపలు లేవు. అసలు పని ఇక్కడే మొదలైంది. చేప మలం, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకోరకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకి విషం, మూడోది బాగా పేరుకుంటే తప్ప ప్రమాదం కాదు. ఈ బ్యాక్టీరియా స్పాంజిలో, ఇసకలో స్థిరపడడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపల్ని వేసి ఆ వారాలు గడపడం అంటే వాటిని విషంలో ఉంచడమే. అందుకే రోజూ చిటికెడు చేపల మేత ఖాళీ ట్యాంకులో వేసి కుళ్లనిచ్చాను.

మా అత్తయ్యగారు రోజూ పొద్దున్నే చూసి "చేపలేవమ్మా?" అనేవారు. చుట్టాలొస్తే ఖాళీ ట్యాంకులో మేత వేస్తున్న నన్ను వింతగా చూసేవారు. మావయ్య ఒక్కడికే అర్థమైంది. కొత్త చెరువుకి నీళ్లు పెట్టగానే చేపపిల్ల వదలరు కదా మరి. "మా చెరువు నీళ్లు ఓ బిందెడు తీసుకెళ్లవే, తొందరగా కుదురుకుంటుంది" అన్నాడు ప్రేమగా. వద్దన్నాను. చెరువు నీళ్లతో చేపపేను కూడా రావచ్చు. చెరువుల్లో చల్లే జియోలైట్ అనే ఖనిజం కూడా ఇస్తానన్నాడు. జియోలైట్ అమ్మోనియాని పట్టేసుకుంటుంది, కానీ కొత్త ట్యాంకులో బ్యాక్టీరియాకి తిండే ఆ అమ్మోనియా. అది లాగేస్తే బ్యాక్టీరియా ఎలా పెరుగుతుంది?

టెస్ట్ కిట్ లేకుండా ఈ పని చెయ్యకండి. చిన్న గాజు గొట్టంలో ట్యాంకు నీళ్లు తీసుకుని చుక్కల మందు వేసి ఊపి, కాసేపు ఆగి, తెల్లకాగితం ముందు పెట్టి చూస్తాం. నా కిట్‌లో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. మొదట్లో పచ్చగడ్డి రంగు తేలేది. తర్వాత అది లేతబడుతుంటే నైట్రైట్ గొట్టం వంకాయరంగుకి తిరిగింది. ఆ రంగు ఎన్నాళ్లకీ దిగలేదు, నాకు నిజంగా దిగులేసింది. ఒకరోజు ఉదయం చూస్తే అమ్మోనియా గొట్టం పసుపు, నైట్రైట్ గొట్టం లేత నీలం. రెండూ సున్నా. మేత వేస్తూనే మరికొన్ని రోజులు చూశాను, అలాగే నిలబడింది.

ఇంకో సంగతి. మన ప్రాంతపు వేడికి అమ్మోనియా మరీ కీడు చేస్తుంది. పీహెచ్ 7 నుంచి 8కి వెళితే అమ్మోనియాలో విషపు భాగం సుమారు పదింతలవుతుంది, వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. బోరు నీళ్లు పోసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కిట్‌లో రెండూ సున్నా దగ్గర నిలబడ్డాక తెచ్చాను గప్పీలు అనే చిన్న చేపలు, నాలుగైదే. వేడిని తట్టుకుంటాయి, కాస్త హార్డ్ నీళ్లయినా ఫర్వాలేదు. కవరు అలాగే ట్యాంకులో తేల్చి, వేడి సమానమయ్యాక ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెంగా కవర్లో కలిపి, చివరికి వలతో చేపల్ని మాత్రమే వదిలాను. షాపు నీళ్లు బయట పారబోశాను. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికోసారి పాతిక శాతం నీళ్లు మార్పు. స్పాంజిని అలా తీసిన నీళ్లలోనే పిండుతాను. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

కరెంటు పోతే ఏం చెయ్యాలో చెరువుల వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయని మావయ్య రాత్రుళ్లు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గరే కాపలా ఉంటాడు. ట్యాంకులో మొక్కలున్నా అంతే, రాత్రిపూట అవీ ఆక్సిజన్ పీల్చుకుంటాయి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకున్నాను.

వేసవిలో కాలవలు కట్టేశాక పంచాయతీ నీళ్లకి వాసన మారుతుంది, బ్లీచింగ్ కూడా ఎక్కువ వేస్తారు. ఆ రోజుల్లో ఒకేసారి పాతిక శాతం మార్చకుండా కొంచెం కొంచెంగా మారుస్తున్నాను. తీసిన నీళ్లు మల్లెమొక్కలకి. నైట్రేట్ వాటికి ఎరువే.

గప్పీలు పిల్లలు పెట్టాయి. ఎక్కువైనవాటిని కాలవలో వదిలెయ్యమని సలహా ఇచ్చారు కొందరు. అది చెయ్యకూడదు, బయటి దేశపు చేప మన కాలవల్లో పరిగె చేపల తిండికి పోటీకొస్తుంది. వీధిలో పిల్లలు అడుగుతున్నారు, వాళ్లకే ఇస్తానన్నాను. ముందు వాళ్ల కొత్త స్పాంజి తెచ్చి మా ట్యాంకులో పెట్టమన్నాను. కొన్ని వారాలు ఇక్కడుంటే బ్యాక్టీరియా పట్టేస్తుంది, వాళ్లకి నా అంత ఎదురుచూపు ఉండదు. ఇప్పుడు మా ట్యాంకులో ఒక మూల మూడు స్పాంజిలున్నాయి.