12 మెగాబిట్ల ఇరుకులో రేడియో

కడపలో మా మిద్దె మీదుగా వెళ్లే విమానాలు 1090 మెగాహెర్ట్జ్‌లో పంపే సంకేతాలను, ల్యాప్‌టాప్ జోలికి పోకుండా, అరచేతిలో ఇమిడే ఈఎస్‌పీ32-ఎస్3 అనే మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) బోర్డుతోనే అందుకోవాలని ఈ వేసవిలో పట్టుబట్టాను. రేడియో సంకేతాలను అంకెలుగా మార్చి యూఎస్‌బీ ద్వారా పంపే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌ను బోర్డుకు తగిలించి, 240 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు ఈ పని మోయగలదా అని బెంగపడ్డానే తప్ప, రెండింటి నడుమనున్న యూఎస్‌బీ గురించి ఆలోచించనే లేదు. బోర్డు పంపే సందేశాలు చూపే సీరియల్ మానిటర్‌లో, జారిపోయిన శాంపిళ్ల (సంకేతాన్ని క్షణక్షణం కొలిచిన విలువల) అంకె కళ్లముందే పరుగెత్తిన తరువాత కాగితం తీసుకున్నాను.

డాంగిల్‌లోని ఆర్‌టీఎల్2832యూ చిప్ ఒక్కో శాంపిల్‌కు ఐ, క్యూ అనే రెండు కొలతలకు ఒక్కొక్కటి చొప్పున రెండు బైట్లు పంపుతుంది. నేను పెట్టిన సెకనుకు 24 లక్షల శాంపిళ్లంటే 48 లక్షల బైట్లు, అనగా 38.4 మెగాబిట్లు. ల్యాప్‌టాప్‌లోని హై-స్పీడ్ యూఎస్‌బీ 480 మెగాబిట్లది కాబట్టి దానికి ఇదొక బరువు కాదు. ఎస్3లో ఉన్నది ఫుల్-స్పీడ్. పేరెంత ఘనంగా ఉన్నా అది 12 మెగాబిట్లే, ఆ పన్నెండూ కూడా పూర్తిగా చేతికి రావు. ఒక్కో మిల్లీసెకను ఫ్రేములో 64 బైట్ల బల్క్ ప్యాకెట్లు (పెద్ద మొత్తంలో డేటా పంపే యూఎస్‌బీ పద్ధతివి) మహా అయితే 19 పడతాయి కనుక, సెకనుకు దక్కేది 12,16,000 బైట్లు, అంటే 6,08,000 శాంపిళ్లు. విమాన సంకేతంలో ఒక్కో పల్స్ అర మైక్రోసెకనే ఉంటుంది. దాన్ని విడదీయాలంటే సాధారణంగా 20 లక్షల శాంపిళ్లైనా కావాలి.

పోనీ, ఆరు లక్షలతోనే సరిపెట్టుకుందామన్నా చిప్ ఒప్పుకోదు. అది సెకనుకు 2,25,000 శాంపిళ్లకు పైన 3,00,000 వరకు, లేదా 9,00,000కు పైన 32,00,000 వరకు మాత్రమే పనిచేస్తుంది. నా గరిష్ఠ పరిమితి సరిగ్గా ఆ నడుమ ఖాళీలో పడింది. కాబట్టి విమానాలను వదిలేసి 2,40,000కు దిగాను. సెకనుకు 4,80,000 బైట్లు ఫుల్-స్పీడ్‌లో హాయిగా పడతాయి, సుమారు 200 కిలోహెర్ట్జ్ వెడల్పుండే ఎఫ్ఎం స్టేషనుకు అది చాలు. మెమరీ విషయంలోనూ ఊపిరాడింది: వచ్చిన డేటాను కాసేపు దాచే 64 కిలోబైట్ల బఫరు మునుపటి 24 లక్షల వేగంలో 14 మిల్లీసెకన్లలోపే నిండిపోయేది, ఇప్పుడు 136 పడుతోంది.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. డాంగిల్ దాదాపు 300 మిల్లీయాంపియర్లు లాగుతుంది. నా బోర్డు యూఎస్‌బీ పోర్టు బయటికి 5 వోల్టులు ఇవ్వదని తెలియక ఒక సాయంత్రమంతా వృథా చేశాను, తరువాత విడిగా సప్లై ఇచ్చాను.

విమానాలే కావాలనుకునేవారు డాంగిల్ వంటివి తగిలించుకోగల హై-స్పీడ్ హోస్ట్ పోర్టున్న టీన్సీ 4.1నో, ఈఎస్‌పీ32-పీ4నో చూసుకోవాలి. నాకు మాత్రం మిద్దె మీద ఎఫ్ఎం వినిపిస్తోంది, జారిపోయిన శాంపిళ్ల అంకె సున్నా దగ్గరే నిలిచి ఉంది.