పర్లేదన్నాను

"ఫైన్ అంటే నాకేం అర్థం కాదు. వేళ్లు కదులుతున్నాయా లేదా, అది చెప్పు."

అరవై దాటిన ఒకావిడ సముద్రం మీద, అందరి ముందూ నన్నిలా గద్దించి మూడు వారాలైంది. ఆ మాట ఇంకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

ఆఫీసులో పక్క టీమ్ వాళ్లు సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న శాన్ వాన్ దీవులకి కయాకింగ్‌కి, అంటే ఒక్కొక్కరూ ఒక్కో సన్నటి పడవలో కూర్చుని తెడ్డు వేసుకుంటూ వెళ్లడానికి, బయలుదేరుతూ నన్నూ రమ్మన్నారు. జూన్ మొదటి శనివారం. అనకోర్టెస్‌లో ఫెర్రీ ఎక్కి ఆర్కస్ దీవికి, అక్కడ డీర్ హార్బర్ నుంచి తెడ్డు వేసుకుంటూ జోన్స్ దీవికి, సుమారు రెండు మైళ్లు. రాత్రికి అక్కడే టెంట్లు. కాస్కేడియా మెరైన్ ట్రైల్ అని 1993లో మొదలైన నీటి దారిలో ఆ దీవి ఒక మజిలీ. ఆ దారిలో టెంటు వేసుకునే చోట్లు తెడ్డుతోనో తెరచాపతోనో వచ్చినవాళ్లకే. మోటారు బోటులో వచ్చేవాళ్లకి ఇవ్వరు. ఆ పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, నీళ్లంటే ప్రాణం.

ఇంట్లో మాత్రం ఆఫీసు పిక్నిక్ అని చెప్పాను. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పటి నుంచి నాన్న పడవ పేరెత్తితే మాట మార్చేస్తారు.

బయలుదేరే ముందు మా లీడర్, ఆ అరవై దాటినావిడే, మా ఆరుగురినీ గుండ్రంగా నిలబెట్టి, ఎవరి ఒంట్లో ఏ ఇబ్బంది ఉన్నా ఇప్పుడే చెప్పమన్నారు. ఒకతను తనకి ఆస్తమా ఉందని, ఇన్‌హేలర్ ఏ జేబులో ఉందో కూడా చూపించాడు. ఒకమ్మాయి ఆందోళన తగ్గడానికి మాత్రలు వేసుకుంటున్నానంది. ఇంతమందిలో అలా ఎలా చెప్పగలిగిందా అని నేను ఆశ్చర్యపోతుండగానే నా వంతు వచ్చింది. ఆ వారం మాకు సాఫ్ట్‌వేర్ రిలీజ్, ఏ రాత్రి సమస్య వచ్చినా లేచి చూడాల్సిన ఆన్‌కాల్ డ్యూటీ నాది. రెండు రాత్రులూ కలిపి ఐదు గంటలు కూడా నిద్రలేదు. "ఐయామ్ ఫైన్" అన్నాను.

ఆ తర్వాత లీడర్ నీళ్ల గురించి చెప్పారు. పైన ఎండ ఎంత ఉన్నా కింద నీళ్లు పది డిగ్రీలే. ఆ నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి నిలదొక్కుకోవడానికే సరిపోతుంది. తర్వాత పది నిమిషాలే చేతులు మాట వింటాయి. స్పృహ తప్పడానికి ఒక గంట. 1-10-1 అని గుర్తుపెట్టుకోమన్నారు. కెనడాలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క అది.

నలభై నిమిషాలు బాగానే సాగింది. సముద్రపు పోటుపాటుల ఉరవడి తగ్గి నీరు నిలకడగా ఉండే వేళ చూసి దీవుల మధ్య పాయ దాటాలి. ఆలోపు గాలి లేచింది. తెడ్డు ఎత్తినప్పుడల్లా చల్లటి నీళ్లు కర్ర వెంబడి జారి మణికట్టులోకి దిగుతున్నాయి. నాకు గ్లోవ్స్ లేవు. ఎలా ఉన్నావని ఆవిడ రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ ఫైన్ అనే అన్నాను. ఆకలేసి పల్లీపట్టీ పొట్లం తీస్తే, చించడానికి వేళ్లు రాలేదు. పళ్లతో లాగుతుంటే ఆవిడ చూశారు.

వెంటనే అందరినీ పక్కపక్కకి రమ్మన్నారు. ఒకరి కయాక్ ఇంకొకరు పట్టుకుంటే ఏడూ కలిసి తెప్పలా నిలిచాయి. నా నడుము చుట్టూ నీళ్లు లోపలికి రాకుండా బిగించిన స్ప్రే స్కర్ట్‌కి ముందొక పట్టీ ఉంటుంది. దాన్ని లాగి చూపించమన్నారు. కయాక్ బోల్తా పడితే తలకిందులుగా ఉండి ఆ పట్టీ లాగితేనే బయటికి రాగలం. పట్టీ మీద చెయ్యి వేశాను. వేళ్లు ముడుచుకోలేదు.

అప్పుడన్నారు ఆ మాట. దాంతో ఆగలేదు. "నువ్వు పడిపోతే నీకోసం వీళ్లందరూ ఈ నీళ్లలోకి దిగాలి" అన్నారు. తన గ్లోవ్స్ నాకు తొడిగి, ఫ్లాస్కులో వేడినీళ్లు కప్పులో పోసి పట్టుకోమని ఇచ్చారు. పాయ దాటే వేళ మించిపోయిందని ట్రిప్పు రద్దు చేశారు. అందరం డీర్ హార్బర్‌కి వెనక్కి తిరిగాం. నా వల్ల ఐదుగురి సెలవు పాడైనా ఒక్కరూ ముఖం ముడుచుకోలేదు. ఆస్తమా అబ్బాయి దారంతా నా పక్కనే తెడ్డు వేశాడు.

ఆవిడ అన్నది న్యాయమే. అయినా నాకు రోషం వచ్చింది. నేను అబద్ధం ఆడానన్నట్టు చూశారు. మనకి పర్లేదు అనడం అబద్ధమా? జ్వరంతో వంట చేస్తూ అమ్మ పర్లేదంటుంది. పెళ్లిలో ఆఖరి పంక్తిలో కూర అయిపోతే పర్లేదంటాం. అవతలివాళ్లని ఇబ్బంది పెట్టకూడదని నేర్పిన మాట అది, ఎంత ప్రేమ ఉంటే వస్తుంది! తనకి నొప్పిగా ఉందని పదిమందికీ చాటుకోవడం మా ఇంట్లో మర్యాద కాదు.

కానీ ఇక్కడికొచ్చాక ఆ మాట నా చేతిలో ఏమైందో చూసుకుంటే భయమేస్తోంది. వీసా మీద ఉన్నవాణ్ణి, అలిసిపోయానని మేనేజర్‌కి చెప్పడానికి జంకు. పొద్దున టీమ్ స్టాండప్ మీటింగ్‌లో అంతా సవ్యంగానే ఉందంటాను. రాత్రి ఇంటికి ఫోన్ చేసి అదే అంటాను. అక్కణ్ణుంచీ అదే వస్తుంది. రెండేళ్ల కిందట నాన్నకి స్టెంట్ వేసిన సంగతి నాకు ఐదో రోజున తెలిసింది, దూరాన ఉన్నవాడు కంగారుపడతాడని. ఆ ఐదు రోజులూ నేను రోజూ ఫోన్ చేశాను. ఆయన ఆస్పత్రి మంచం మీంచే పర్లేదురా అన్నారు.

ఆ సాయంత్రమే తిరుగు ఫెర్రీ ఎక్కి, పైడెక్ మీదికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర.

"పిక్నిక్ ఎలా జరిగిందిరా?"

"పిక్నిక్ కాదు నాన్నా. సముద్రంలో పడవ. చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. లీడర్ తిట్టారు."

చాలాసేపు మాట్లాడలేదు.

"జాకెట్ వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

మళ్లీ కాసేపు ఏమీ లేదు. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "వాడు చెప్పాడుగా, మీరూ చెప్పండి ఆ మోకాలి సంగతి. నెల రోజులై మేడ ఎక్కట్లేదని చెప్పండి."