చింతపిక్కల లెక్క

మా బాబుకి అయిదేళ్లు. స్కూల్లో 1 నుంచి 50 దాకా రోజూ రాసుకు రమ్మంటారు. పుస్తకం తియ్యగానే ఏడుపు. వాడితో పాటు నాకూ టెన్షనే.

వేసవి సెలవుల్లో మా అత్తయ్యగారు అటక మీంచి వామనగుంటల పీట దింపారు. అటు 7, ఇటు 7 గుంటలు, ఒక్కోదాంట్లో అయిదేసి చింతపిక్కలు. ఒక గుంటలోవి తీసి, వరసగా ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. ఆ గుంట ఖాళీగా ఉంటే, దాని తరవాతి గుంటలోవన్నీ మనవే.

మొదటిరోజు గుప్పెట్లోంచి రెండేసి జారిపోయేవి. వారం తిరక్కుండానే, పిక్కలు తియ్యకముందే వేలితో గుంటలు తాకుతూ, పెదాలు కదుపుతూ ఆఖరిది ఎక్కడ పడుతుందో చూసుకోవడం మొదలుపెట్టాడు. "నానమ్మా, ఇది తీస్తే ఖాళీ దగ్గర ఆగుతుంది!" అని అరిచాడు. కూడిక అంటే అదే కదా! నాకెంత సంతోషమైందో.

అక్షరాలు మాత్రం బస్సు బోర్డుల మీద నేర్చుకుంటున్నాడు. ‘గన్నవరం’లో సున్నాని పట్టుకున్నాడు. ‘గుంటూరు’లోనూ అదే కనిపించేసరికి ఎగిరి గంతేశాడు. ప, వ దగ్గర ఇంకా తడబడతాడు. అందుకని చేటలో బియ్యం పరిచి వేలితో రాయిస్తున్నాను. తప్పు పోతే చేత్తో సర్దేస్తాడు, రబ్బరు మచ్చ ఉండదు, భయమూ ఉండదు.

రాత్రి పిక్కలు డబ్బాలో పోస్తూ తనే లెక్కపెట్టాడు. 69 వచ్చాయి. 70 ఉండాలి. ఇద్దరం టార్చి పట్టుకుని మంచం కింద దూరాం.