పాము అంటే లేదు, పురుగు అంటే ఉంది

దివిసీమలో పాముకాటు ముప్పు ఏ ఊరికి ఎక్కువ, ఏ ఊరికి తక్కువ? పీజీలో నేను ఎంచుకున్న పరిశోధన ఇది. 2018 ఆగస్టులో అక్కడ పాముకాట్లు ఎంత కలవరం రేపాయంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా చేశారు. 2001-03 నాటి మరణాలను లెక్కగట్టి 2011లో వెలువరించిన దేశవ్యాప్త అధ్యయనంలో పాముకాటు మరణాల రేటు అన్ని రాష్ట్రాల కంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ: ఏడాదికి లక్ష జనాభాకు 6.2. చిన్నపింజర తిరిగే రాయలసీమ మెట్టకూ, ఎలుకల కోసం రక్తపింజర గట్లెక్కే డెల్టా మాగాణికీ కలిపి ఒకటే అంకె. అది నాకు మింగుడుపడలేదు.

ముందు ఆసుపత్రి రిజిస్టర్లు పట్టుకున్నాను. పాముకాటు, పురుగుమందు తాగినవారు, తేలుకాటు అన్నీ ‘విషం’ అనే ఒక్క శీర్షిక కిందే ఉన్నాయి. వేరుచేయడానికి మూడు వారాలు పట్టింది. ఒక్కో కేసుకు ఊరి పేరు చూసి పటం మీద ఎర్రచుక్క పెట్టాను. చూడముచ్చటగా వచ్చింది. మా గైడ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది పాములున్న చోటు కాదమ్మా, ఆటో దొరికే చోటు” అన్నారు. నిజమే. చుక్కలన్నీ తారురోడ్డు వెంటే ఉన్నాయి. పడవ దాటితే గాని రాలేని లంక ఊళ్లు తెల్లగా మిగిలాయి. పాముకాటుతో చనిపోయినవారిలో నాలుగో వంతు మంది కూడా ఆసుపత్రిలో చనిపోలేదని ఆ 2011 అధ్యయనంలోనే ఉంది. ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను కూడా. అయినా రిజిస్టర్లతోనే మొదలుపెట్టాను!

ఇక ఇంటింటికీ తిరగక తప్పలేదు. ఊడ్పుల రోజులు. పగలు ఎవరూ దొరకరు కాబట్టి దీపాలు పెట్టాక వెళ్లేదాన్ని, ఆశా కార్యకర్త అక్క తోడుగా. “గత రెండేళ్లలో మీ ఇంట్లో ఎవరికైనా పాముకాటు జరిగిందా?” అని ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివేదాన్ని. లేదు, లేదు, లేదు. ఇంత మంచి ఊళ్లా ఇవి అనుకున్నాను.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చున్న మామ్మగారు కూడా లేదనే అన్నారు. లేచేటప్పుడు ఆమె చీలమండ దగ్గర నల్లటి మచ్చ కనిపించింది.

“మామ్మగారూ, అదేమిటి?”

“నిరుడు నారు తీస్తుంటే పురుగు ముట్టిందమ్మా. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను.”

“మరి లేదన్నారు?”

“చీకటి పడ్డాక ఆ పేరు ఎత్తుతారా?” అని నన్నే మందలించారు.

పట్నంలో పెరిగినదాన్ని, నాకు తట్టలేదు సరే. అక్కకు తెలుసు. ఎందుకు చెప్పలేదని అడిగితే, “ఫారంలో ఏది ఉంటే అదే అడగాలన్నారుగా” అంది. శిక్షణ ఇచ్చింది నేనే.

ఇంకో చిక్కు కట్లపాముతో వచ్చింది. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కాటేస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు. రిజిస్టర్లో ‘తెలియని పురుగు కాటు’ అని నేను పక్కన పెట్టేసిన వరసలన్నీ మళ్లీ తీశాను. చుక్క ఎక్కడ పెట్టాలన్నది మరో తగువు. కూలికి పొరుగూరు వెళ్లి అక్కడి చేలో కాటుపడిన మనిషిని ఏ ఊరి లెక్కలో వేయాలి? చివరికి కాటు పడిన చోటు ఒక పటంలో, ఇల్లు మరో పటంలో గుర్తించాను. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే సగం ఊళ్లు రంగు మారాయి.

ప్రశ్న మార్చాలంటే, మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి మళ్లీ కావాలి. “పురుగు ముట్టిందా?” అన్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపితే, ఇప్పుడు కీటకాల మీద అధ్యయనమా అని తిరుగుటపాలో అడిగారు. రెండు పేజీల వివరణ రాశాను. మామ్మగారి మాటే ఉటంకించాను, పేరు లేకుండా.

అనుమతి వచ్చేసరికి కోతలు మొదలయ్యాయి. కొత్త ఫారంతో మొదటి ఇంటి నుంచే మళ్లీ బయలుదేరాం. పాము అంటే లేదన్న ఆ ఇంట్లో, పురుగు అంటే ఇద్దరు లేచి వచ్చారు.