ఆల్ఫా 0.90 వస్తే సరిపోతుందా?

శనివారం, రాత్రి

ఇవాళంతా ఐటమ్ అనాలిసిస్, అంటే ఏ ప్రశ్న పనికొస్తుందో, ఏది రాదో తేల్చడం. ఇంటర్ పిల్లల్లో పరీక్షల భయాన్ని కొలిచే స్కేలు. "అస్సలు కాదు"కి 1, "పూర్తిగా నిజం"కి 5. ఇందులో ప్రశ్నలు రాయడం కన్నా తీసేయడమే కష్టం. చివరికి 20 మిగలాలంటే యాభై అరవైతో మొదలుపెట్టాలి.

ముందు రివర్స్ ఐటమ్స్, అంటే ఒప్పుకుంటే భయం తక్కువని అర్థమయ్యే ప్రశ్నలు, సరిచూడాలి. "హాల్లో కూర్చున్నాక మనసు కుదుటపడుతుంది" లాంటివాటికి 6లోంచి వచ్చిన అంకె తీసేయాలి. ఇది మరిస్తే మంచి ప్రశ్నకి కూడా మొత్తం స్కోరుతో కోరిలేషన్ (రెండు అంకెలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే కొలత) మైనస్‌లో వస్తుంది. ఆ మొత్తంలోంచి ఈ ప్రశ్న మార్కుని కూడా తప్పించాలి, లేకపోతే తనతో తనకే పొత్తు కుదిరి అంకె ఊరికే పెరుగుతుంది.

ఈ కోరిలేషన్ 0.30 కన్నా తక్కువ వస్తే అనుమానించాలి. వెంటనే కొట్టేయకూడదు, ప్రశ్న మళ్లీ చదవాలి. "పరీక్ష ముందు నిద్ర పట్టదు, ఆకలి వేయదు" అని ఉందనుకుందాం. నిద్ర పట్టకపోయినా అన్నం బాగానే తినే పిల్లాడు ఏం పెట్టాలి? మధ్యలో 3 పెట్టి ఊరుకుంటాడు. దాన్ని విడగొడితే రెండు మంచి ప్రశ్నలవుతాయి. "పరీక్షకి ముందు రాత్రంతా చదువుతాను" అలా కాదు. భయపడేవాళ్లూ చదువుతారు, ఇష్టంతో చదివేవాళ్లూ చదువుతారు. దాన్ని తీసేయాల్సిందే. ఈ తేడా సాఫ్ట్‌వేర్ చెప్పదు. నలుగురైదుగురు పిల్లల చేత ప్రశ్నలు పైకి చదివించి, ఏం అర్థమైందో అడిగితే తెలుస్తుంది.

ఇక ఆల్ఫా, అంటే స్కేలులోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె. 1951లో మనస్తత్వవేత్త క్రోన్‌బాక్ దాని గురించి వ్యాసం రాసినప్పటినుంచి అందరి కళ్లూ దీనిమీదే. గుండె దడ గురించి మూడు రకాలుగా అడిగినా ఆల్ఫా పెరుగుతుంది. 0.70 ఉన్న స్కేలుకి అలాంటివే మరో అన్ని ప్రశ్నలు చేరిస్తే, స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం (ప్రశ్నల సంఖ్య మారితే ఈ అంకె ఎంత మారుతుందో చెప్పేది) ప్రకారం 0.82 అవుతుంది. ఒక్క ప్రశ్న నాణ్యతా పెరగలేదు! ప్రశ్నలు కలిసి నడుస్తున్నాయని మాత్రమే ఆల్ఫా చెబుతుంది, దేన్ని కొలుస్తున్నాయో చెప్పదు. మనం కొలిచింది మామూలు ఆందోళన అయ్యుండొచ్చు. అందుకే అదే పిల్లలకి సాధారణ ఆందోళన స్కేలు ఒకటి, పరీక్షల భయం మీద ఇంకో స్కేలు ఒకటి ఇవ్వాలి. రెండోదానితో సంబంధం స్పష్టంగా ఎక్కువ ఉండాలి. కాంబెల్, ఫిస్క్ అనే మనస్తత్వవేత్తలు 1959లో చూపించిన దారి ఇదే.

రీటెస్ట్‌కి, అంటే అదే పిల్లలకి అదే స్కేలు మళ్లీ ఇవ్వడానికి, రెండు మూడు వారాల వ్యవధి చాలు. కానీ మొదటిసారి పరీక్షల ముందు, రెండోసారి సంక్రాంతి సెలవుల తర్వాత ఇస్తే భయమే తగ్గిపోయి ఉంటుంది. కోరిలేషన్ పడిపోతే అది స్కేలు తప్పు కాదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది కటాఫ్, అంటే ఇంత దాటితే సమస్య అని గీసే గీత. ఎస్‌డీ (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 12, రిలయబిలిటీ (కొలత ఎంత నిలకడగా ఉందో చెప్పే అంకె) 0.84 అనుకుంటే కొలతలో ప్రామాణిక దోషం, అంటే ఒక్కో స్కోరు మామూలుగా అటూ ఇటూ తప్పే మేర, 4.8. దానికి సుమారు రెండింతలు అటూ ఇటూ వేస్తే, 70 వచ్చిన అమ్మాయి అసలు స్కోరు దాదాపు 61 నుంచి 79 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 72 దగ్గర గీత గీసి 71ని మామూలుగా, 73ని సమస్యగా రాయడం అన్యాయం. రిపోర్టులో స్కోరు పక్కనే ఆ హద్దులు కూడా వేసి తీరాలి.

మిగిలిన ప్రశ్నల్ని ఇక వేరే కాలేజీల పిల్లలకి ఇవ్వాలి. ఏ గుంపు జవాబులతో ఏరామో ఆ గుంపులోనే మళ్లీ లెక్కేస్తే అంకెలు అందంగానే కనిపిస్తాయి. కొత్తవాళ్లలో కొంత తగ్గుతాయి. మాన్యువల్‌లో వేయాల్సింది ఆ తగ్గిన అంకెనే.