మధ్యలో ఏముందిరా?

మన బ్యాచ్ సావనీర్‌కి (జ్ఞాపకాల పుస్తకానికి) ఏదో ఒకటి రాయమని గ్రూపులో వారం నుంచీ పోరుతున్నారు కదా, కబడ్డీ గురించి, గోడ దూకి తిన్న జామకాయల గురించి ఎలాగూ నలుగురు రాస్తారు, నేను మన ఫిజికల్ సైన్స్ మాస్టారు ఎనిమిదో క్లాసులో చెప్పిన ఒకే ఒక్క పాఠం గురించి రాస్తా. 1996 టెన్త్ బ్యాచ్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

పాఠం చిన్నదే. ముట్టుకుని పనిచేసేది స్పర్శా బలం, ముట్టుకోకుండా పనిచేసేది క్షేత్ర బలం, ఉదాహరణలు అయస్కాంతం, స్థిర విద్యుత్తు, గురుత్వాకర్షణ. రెండు మార్కుల ప్రశ్న, బట్టీ పట్టేసి వదిలేసేదే. కానీ ఆయన వదల్లేదు. బల్ల మీద గుండుసూది పెట్టి, అయస్కాంతం దగ్గరికి తెచ్చి, సూది ఎగిరి అతుక్కోగానే "మధ్యలో ఏముందిరా?" అనేవారు. గాలి అంటే సీసాలో గాలి తీసేసినా లాగుతుంది అనేవారు. ఆకర్షణ అంటే "అది నువ్వు పెట్టిన పేరు, నేనడిగింది మధ్యలో ఏముందని, సూదికి అక్కడ అయస్కాంతం ఉందని ఎవరు చెప్పారు?" అనేవారు. అందరం నోరెళ్ళబెట్టి కూర్చునేవాళ్ళం.

ఇనప రజను కొనడానికి స్కూల్లో డబ్బుల్లేవు. పాత రేడియో స్పీకర్ పగలగొట్టి తీసిన మాగ్నెట్ దారానికి కట్టుకుని బీచ్‌లో ఇసకలో ఈడ్చుకుంటూ పోతే నల్ల రజను గుత్తులుగా అంటుకునేది, అది నిజానికి మాగ్నటైట్ అనే ఖనిజం అని చాలా ఏళ్ళకి తెలిసింది. దాన్నే అట్ట మీద చల్లి కింద అయస్కాంతం పెట్టి వేలితో టకటకా కొడితే గీతలు గీతలుగా సర్దుకునేది. "ఫారడే కూడా ఇవే చూశాడు, బుక్ బైండింగ్ షాపులో పనిచేసిన కుర్రాడు, లెక్కలు పెద్దగా రావు, అయినా మధ్యలో ఉన్నది ఖాళీ కాదని పట్టుకున్నాడు, దాన్నే క్షేత్రం అంటున్నాం" అన్నారు. అంతకుముందు న్యూటన్‌కే ఇది మింగుడు పడలేదట. 1693లో ఒక ఉత్తరంలో, మధ్యలో ఏమీ లేకుండా ఒక వస్తువు దూరంగా ఉన్న ఇంకో వస్తువుని లాగుతుందనడం అర్థంలేని మాట అని రాసుకున్నాడు. లాగుడుకి సూత్రం రాసిన మనిషే అలా అన్నాడంటే వెనక బెంచీ వాళ్ళకి ఎంత ధైర్యమో చూడండి.

దువ్వెన ప్రయోగం మాత్రం మన ఊళ్ళో సగం రోజులు పనిచేసేది కాదు. సముద్రపు గాలి తేమ, పైగా అందరి తలలకీ కొబ్బరి నూనె. ఆదివారం తలంటుకుని సోమవారం నూనె రాయకుండా వచ్చిన వాళ్ళని పిలిచి, వాళ్ళ జుట్టుకి దువ్వెన రుద్దితే అప్పుడు కాగితం ముక్కలు లేచేవి. మాస్టారు అక్కడ ఆపి, "ఆ ముక్కని కిందకి లాగుతున్నది ఎవరు? మొత్తం భూమి. పైకి లాగుతున్నది? అర్ధరూపాయి దువ్వెన. ఎవరు గెలిచారు?" అన్నారు. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్‌కీ ఎలక్ట్రాన్‌కీ మధ్య విద్యుత్ బలం, వాటి మధ్య గురుత్వ బలం కంటే 1 పక్కన 39 సున్నాలు పెట్టినన్ని రెట్లు ఎక్కువని ఇంటర్‌లో చదివినప్పుడు నాకు ఆ దువ్వెనే కనిపించింది.

పోటు గురించి చెప్పిన రోజు ఇంకా బాగుంటుంది. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువని, రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యంగా వస్తుందని వేటకెళ్ళే వాళ్ళ పిల్లలు మాస్టారి కంటే ముందే చెప్పేశారు. ఆయన వాళ్ళనే బల్ల దగ్గరికి పిలిచి చెప్పించారు. తర్వాత మెలిక వేశారు. భూమిని సూర్యుడు చంద్రుడి కంటే సుమారు 180 రెట్లు గట్టిగా లాగుతాడు, మరి పోటులో చంద్రుడి వాటా సూర్యుడికి రెట్టింపు ఎందుకు? ఎవరికీ రాలేదు. పోటుకి లెక్క మొత్తం లాగుడు కాదు, భూమికి ఈ పక్కనా ఆ పక్కనా లాగుడులో ఉండే తేడా, చంద్రుడు దగ్గర కాబట్టి ఆ తేడా ఎక్కువ. ఈ ముక్క ఇప్పటికీ చాలామంది టీచర్లు చెప్పరు, చెప్పాలి.

ఇంకో ప్రశ్న, సూర్యుడు ఉన్నట్టుండి మాయమైతే భూమి ఎప్పుడు దారి తప్పుతుంది? వెంటనే అన్నాం. కాదు, ఎనిమిది నిమిషాల తర్వాత, ఎందుకంటే క్షేత్రంలో వచ్చిన మార్పు కూడా వెలుగు వేగంతోనే నడవాలి అన్నారు. 2017 ఆగస్టులో, 13 కోట్ల కాంతి సంవత్సరాల అవతల రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు గురుత్వ తరంగం (గురుత్వ క్షేత్రంలో పుట్టిన అల) వచ్చిన 1.7 సెకన్లకే గామా కిరణాలు (అవీ ఒక రకం వెలుగే) కూడా వచ్చాయని పేపర్లో చదివి, ఫోన్ చేసి చెబుదామంటే అప్పటికి ఆయన లేరు.

నేను ట్రాన్స్‌మిషన్ లైన్ల పనిలో ఉన్నా. ఒకే టవర్ మీద రెండు సర్క్యూట్లు, అంటే రెండు వేర్వేరు లైన్లుంటాయి, ఒకదానికి లైన్ క్లియర్ (కరెంటు ఆపి పని చేసుకోడానికి ఇచ్చే అనుమతి) తీసుకుని ఆపేసినా పక్కదాంట్లో కరెంటు ఉంటూనే ఉంటుంది, ఆపేసిన వైరుకి దేనితోనూ సంబంధం లేదు, అయినా పక్క లైన్ క్షేత్రం వల్ల దాంట్లో మనిషిని చంపేంత వోల్టేజీ పుడుతుంది. అందుకే రెండు వైపులా ఎర్తింగ్ వెయ్యకుండా ఎవర్నీ ముట్టుకోనివ్వం. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు "ఆఫ్ చేశాం కదా సార్" అంటారు. అప్పుడు నేను నాలుగు వందల కేవీ (నాలుగు లక్షల వోల్టుల) లైన్ కిందకి రాత్రిపూట తీసుకెళ్ళి, చేతిలో పట్టుకున్న ట్యూబ్‌లైట్ ఏ వైరూ లేకుండా మిణుకుమిణుకుమంటుంటే చూపించి మాస్టారి ప్రశ్నే అడుగుతా. యాస కూడా ఆయనదే వచ్చేస్తుంది.

పాత కరెంటు మీటర్లో తిరిగే అల్యూమినియం చక్రం గురించి కూడా రాద్దామనుకున్నా, దాన్నీ ఏ తీగా ముట్టుకోదు, చుట్టూ కాయిల్స్ క్షేత్రమే తిప్పుతుంది, ఒక మాగ్నెట్ బ్రేకు వేస్తుంది. చోటు చాలదు.

చివరగా పని విషయం. మన బ్యాచ్ స్కూల్ ల్యాబ్‌కి సామాను ఇస్తోంది కదా, లిస్టులో మీటర్ పొడవు రాగి పైపు, అందులో వదులుగా దిగే నియోడైమియం మాగ్నెట్ (చిన్నదైనా బాగా గట్టిగా లాగే రకం) కలపండి. మామూలుగా అర సెకను కూడా పట్టని చోట అది పైపు గోడలకి తగలకుండానే బద్ధకంగా దిగుతుంది, పిల్లలు పైనుంచి కన్ను పెట్టి చూస్తారు. రాగి ఖరీదనుకుంటే మందమైన అల్యూమినియం పైపు తెచ్చినా పర్లేదు. ఇనప పైపు మాత్రం తేవద్దు, అది మధ్యలోనే అతుక్కుని కూర్చుంటుంది.